తొమ్మిదో తరగతి ఏ ఊళ్లో చదివించాలి? లోకల్, హోమ్ స్టేట్, ఆలిండియా సీట్ల లెక్క

2025 జూలైలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ల పరిశీలనకు మా చెల్లెలితో, మేనకోడలితో కలిసి హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లాను. స్టడీ సర్టిఫికెట్లు బల్ల మీద వరసగా పరిచాం. ఆరు నుంచి పది వరకు ఖమ్మం, ఇంటర్ రెండేళ్లు విజయవాడ. బల్ల అవతల కూర్చున్న మేడమ్ తొమ్మిది, పది తరగతుల కాగితాలు ఒక పక్కకి, ఇంటర్ కాగితాలు ఇంకో పక్కకి జరిపి మధ్యలో పెన్ను పెట్టారు. "నాలుగేళ్లు ఒకేచోట లేవు కదమ్మా, లోకల్ రాదు" అన్నారు. అంటే ఆ ప్రాంతం పిల్లలకి కేటాయించిన సీట్ల వరసలో పాప లేదన్నమాట. పాప నా చెయ్యి పట్టుకుని "మామయ్యా, మనది ఖమ్మం కాదా?" అని అడిగింది.

ఖమ్మమే. పుట్టింది అక్కడే, ఆధార్‌లో ఉన్నదీ అదే, అమ్మానాన్నలు ఈనాటికీ ఉంటున్నదీ అక్కడే. వాళ్లకి హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గర కాబట్టి ఇంటర్‌కి అక్కడ వేశారు. ఆ వీధిలో చాలామంది పిల్లలు అలాగే వెళ్తారు. 2023లో చేర్చినప్పుడు ఇబ్బంది ఉంటుందని ఎవరూ చెప్పలేదు, అప్పటి పద్ధతి ప్రకారం నిజంగానే ఇబ్బంది లేదు. రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షన్ రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలను పదేళ్లపాటు కాపాడింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఈ పిల్ల ఇంటర్ మధ్యలో ఉండగా నేల మారిపోయింది.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ కాలేజీలో వేద్దాం, హాస్టల్ బాగుంటుందా, ఫీజు ఎంత అన్నవన్నీ అడుగుతాం గానీ, ఆ క్యాంపస్ ఏ రాష్ట్రంలో, ఏ యూనివర్సిటీ పరిధిలో ఉందో అడగం. సీటు దగ్గరికొచ్చేసరికి ర్యాంకు తర్వాత అంత బరువున్నది అదే.

ముందు లక్ష్యం తేల్చుకోండి

ఊరి ప్రభావం అన్ని సీట్లమీదా ఒకేలా ఉండదు. ఐఐటీకి సున్నా. శ్రీకాకుళం పిల్లాడైనా, ఆదిలాబాద్ పిల్లయినా, రాజస్థాన్‌లోని కోటా ఊళ్లో చదివినా, కడపలో చదివినా జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, రిజర్వేషన్ కేటగిరీ, అంతే. హైదరాబాద్ ఐఐటీలో తెలంగాణ వాళ్లకి గానీ, తిరుపతి ఐఐటీలో ఆంధ్ర వాళ్లకి గానీ వేరే వాటా ఏమీ లేదు. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లూ అంతే, దేశమంతటికీ ఒకటే వరస.

ఎన్‌ఐటీ కొంచెం వేరు. సీట్లలో సగం సొంత రాష్ట్రం పిల్లలకి, సగం బయటి రాష్ట్రాల వాళ్లకి. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో ఆ రాష్ట్రం. జేఈఈ మెయిన్ నిబంధనల్లో స్వస్థలంతో, నివాసంతో దీనికి సంబంధం లేదని స్పష్టంగానే ఉంటుంది. పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే లెక్క. అంటే గుంటూరు పిల్లాడు ఇంటర్ హైదరాబాద్‌లో చదివితే జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) లెక్కలో తెలంగాణ వాడు. వరంగల్ ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ దొరుకుతుంది, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో పోతుంది. మా మేనకోడలికి సరిగ్గా దీనికి తిరగేసి జరిగింది.

అయితే హోమ్ స్టేట్ 50 శాతం చూసి మరీ మురిసిపోకండి. మన రెండు రాష్ట్రాల్లో జేఈఈకి కూర్చునే పిల్లలు ఎక్కువ, గట్టి ర్యాంకులు తెచ్చేవాళ్లూ ఎక్కువ. వరంగల్ కంప్యూటర్ సైన్స్‌లాంటి సీటుకి సొంత రాష్ట్రం వరసలోనూ పోటీ తక్కువేం కాదు. జోసా వెబ్‌సైట్‌లో ఏ రౌండులో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో హెచ్‌ఎస్ (సొంత రాష్ట్రం), ఓఎస్ (బయటి రాష్ట్రాలు) అని విడివిడిగా ఉంటుంది. మీకు కావాల్సిన బ్రాంచికి ఆ రెండు వరసలూ పక్కపక్కన రాసుకుంటే, ఆ ఒక్కదాని కోసం ఊరు మారడం అవసరమో కాదో మీకే తెలుస్తుంది. చాలామందికి అవసరం లేదనే తేలుతుంది.

ఊరు నిజంగా బరువు తూగేది రాష్ట్ర సీట్ల దగ్గర. ఎప్‌సెట్ (రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లు, నీట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష)లో రాష్ట్ర కోటా. మన పిల్లల్లో ఎక్కువమంది చివరికి చేరేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త నిదానంగా చెప్తాను.

లోకల్ అంటే ఏమిటి

1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని ఫలితమే రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. వెనకబడిన ప్రాంతాల పిల్లలకి తమ ప్రాంతంలోని కాలేజీల్లో చోటు దక్కాలన్నది ఉద్దేశం. నా మట్టుకు నాకు ఆ ఉద్దేశం ఇప్పటికీ న్యాయంగానే కనిపిస్తుంది. మా ఇంటి పిల్లకి దానివల్ల దెబ్బ తగిలిన తర్వాత కూడా ఈ మాటే అంటాను.

ఆ ఉత్తర్వు అప్పటి ఉమ్మడి రాష్ట్రాన్ని మూడు ప్రాంతాలు చేసింది. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురంతోపాటు నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. తెలంగాణ మొత్తం ఉస్మానియా పరిధి. ఏయూ, ఎస్‌వీయూ, ఓయూ అని కౌన్సెలింగ్ కాగితాల మీద కనిపించేవి ఇవే. నెల్లూరు వాళ్లు కోస్తా అనుకుని ఏయూ కింద లెక్కేసుకుంటారు, అది పొరపాటు. ఉత్తర్వులో ఉన్నవి పాత జిల్లాల పేర్లు, ఇప్పటి కొత్త జిల్లాల మ్యాపు పెట్టుకుని చూడకండి.

ఒక్కో ప్రాంతంలో 85 శాతం సీట్లు అక్కడి లోకల్ పిల్లలకి. లోకల్ కావాలంటే ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అది కుదరకపోతే ఏడేళ్లు చూస్తారు. ఆరు నుంచి ఇంటర్ దాకా మొత్తం రాష్ట్రంలోనే చదివి ఉంటే, అందులో ఎక్కువ ఏళ్లు ఎక్కడ గడిపారో ఆ ప్రాంతం. సమానంగా వస్తే చివర చదివిన ప్రాంతం. స్కూలుకి వెళ్లకుండా ప్రైవేటుగా రాసిన వాళ్లకి మాత్రం చదువు బదులు నివాసం చూస్తారు, దానికి తహసీల్దార్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. రోజూ బడికి వెళ్లిన పిల్లల విషయంలో నివాస పత్రం తెచ్చి స్టడీ సర్టిఫికెట్ల లోటు పూడ్చుదామంటే కుదరదు. ఆ ప్రయత్నం చేసి మీసేవ చుట్టూ తిరిగి అలసిపోయిన తండ్రుల్ని చాలామందిని చూశాను.

మిగిలిన 15 శాతం గురించి ఒక అపోహ ఉంది, అవి నాన్‌లోకల్ వాళ్ల సీట్లని. కాదు. అవి ఎవరికీ కేటాయించని సీట్లు. వాటిని ముందుగా మెరిట్ మీద నింపుతారు, ఆ వరసలో లోకల్ టాపర్లు కూడా నిలబడతారు. ఒక బ్రాంచిలో 60 సీట్లున్నాయనుకోండి. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42. అందులో 85 శాతం తీస్తే దాదాపు 36 లోకల్. మిగిలేవి ఆరు. ఆ ఆరూ మళ్లీ ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అని విడిపోతాయి. నాన్‌లోకల్ పిల్ల పోటీ పడేది ఆ ఆరింటికి, అదీ అందరితో కలిసి. మా మేనకోడలి స్నేహితురాలికి దీనికంటే వెనక ర్యాంకే, కానీ పదో తరగతి తర్వాత ఖమ్మంలోనే ఉండిపోయింది. పాప కోరుకున్న కాలేజీలో, కోరుకున్న బ్రాంచి ఆ అమ్మాయికి వచ్చింది.

ఆ 15 శాతంలో నిలబడటానికైనా అర్హత ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం మీద పదేళ్లు నివసించి ఉండటం, లేదా ప్రభుత్వ ఉద్యోగం, ఇలాంటివి. అందుకే మా చెల్లెలు తహసీల్దార్ పత్రం పట్టుకుని రెండోసారి ఆ బల్ల దగ్గరికి వెళ్లింది.

నాలుగు దారులు పక్కపక్కన

మొదటిది, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా సొంత ప్రాంతంలోనే ఉంచడం. రాష్ట్ర సీట్లే లక్ష్యమైతే, ముఖ్యంగా మెడిసిన్ అయితే, నా ఓటు దీనికే. కోచింగ్ కొంచెం తక్కువ స్థాయిలో ఉన్నా సరే. కోచింగ్ వల్ల ర్యాంకు ఎంత పెరుగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు, లోకల్ పోతే ఎంత నష్టమో మాత్రం పైన లెక్కలో చూశారు. ఇంకో సంగతి, దీన్ని చాలామంది గమనించరు. నాలుగేళ్ల లెక్క ఇంటర్ మొదటిసారి రాసిన ఏడాదితో ఆగిపోతుంది. తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పక్క రాష్ట్రానికి వెళ్లినా లోకల్ పోదు. విజయవాడ లాంగ్ టర్మ్ మీదే నమ్మకముంటే ఇంటర్ ఖమ్మంలో పూర్తిచేసి వెళ్లొచ్చు.

రెండోది, తొమ్మిదిలోనే పూర్తిగా మారిపోవడం. ఇంటిల్లిపాదీ హైదరాబాద్‌కో, విజయవాడకో వెళ్లిపోతుంటే ఇది శుభ్రమైన దారి. కొత్తచోట నాలుగేళ్లు నిండితే అక్కడి లోకల్. భీమవరం నుంచి వచ్చి హైదరాబాద్‌లో తొమ్మిదిలో చేరిన పిల్లాడు తెలంగాణ లోకల్ అవుతాడు, వాళ్ల తాతగారి పొలం ఎక్కడున్నా సరే. కానీ వెనక్కి తిరిగి ఆంధ్రలో లోకల్ అడగలేడు. తెలంగాణలో బీసీ, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్‌కి ఆంధ్రలో తీసుకున్న కుల ధ్రువపత్రం చెల్లుతుందన్న భరోసా కూడా పెట్టుకోవద్దు. మారే ముందే ఆ విషయం కనుక్కోండి, ఈ ఒక్క కారణంతో మారకుండా ఉండిపోవాల్సిన కుటుంబాలు ఉన్నాయి.

మూడోది, మన ఇళ్లలో అందరూ చేసేది. పది దాకా ఇంట్లో, ఇంటర్‌కి హాస్టల్. ఒకే రాష్ట్రంలో అయితే పెద్ద ప్రమాదం లేదు. నెల్లూరు పిల్లాడు పది దాకా నెల్లూరులో చదివి ఇంటర్‌కి విజయవాడ వెళ్తే నాలుగేళ్ల లెక్క తెగుతుంది గానీ, ఏడేళ్ల లెక్కలో ఐదు నెల్లూరువి కాబట్టి ఎస్‌వీయూ లోకల్‌గానే ఉంటాడు. అదే తొమ్మిదిలోనే విజయవాడ వెళ్తే ఏయూ లోకల్ అయిపోతాడు, తిరుపతిలో నాన్‌లోకల్. ఒక్క ఏడాది అటూ ఇటూ అయితే ప్రాంతమే మారిపోతుంది, చూడండి.

రాష్ట్రం దాటితే మాత్రం ఈ మూడో దారి అన్నింటికంటే ప్రమాదం. తొమ్మిది, పది ఒక రాష్ట్రం, ఇంటర్ ఇంకో రాష్ట్రం అయితే రెండుచోట్లా నాలుగేళ్లు నిండవు. ఏడేళ్లూ ఒకే రాష్ట్రంలో లేవు కాబట్టి రెండో అవకాశమూ అందదు. ఖమ్మం, మధిర, కోదాడ నుంచి విజయవాడకు, ఒంగోలు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు పంపే ఇళ్లన్నీ ఈ గోతి అంచునే నడుస్తున్నాయి. మెడిసిన్ విషయంలో తెలంగాణ 2024లో నాలుగేళ్ల నిబంధనను గట్టిగా పెట్టింది. పిల్లలు హైకోర్టుకు వెళ్లారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులు ఉన్నాయి. మిగతా వాళ్లు కోర్టులో ఏదో ఒకటి తేలుతుందిలే అని పిల్లల్ని పంపే రోజులు అయిపోయాయి.

నాలుగోది కోటా, బెంగళూరు, చెన్నై. ఐఐటీ ఒక్కటే ధ్యేయం, అది రాకపోతే ప్రైవేటు యూనివర్సిటీ ఫీజు కట్టుకోగలం అనుకునే వాళ్లకి సరే. తక్కిన వాళ్లకి వద్దనే చెప్తాను. పన్నెండో తరగతి రాజస్థాన్‌లో అయితే ఎన్‌ఐటీకి హోమ్ స్టేట్ రాజస్థాన్ అవుతుంది, ఇక్కడి ఎప్‌సెట్‌లో లోకల్ పోతుంది. ఇక్కడ ఒక స్కూల్లో పేరు ఉంచి పిల్లాణ్ని కోటాలో కూర్చోబెట్టే డమ్మీ పద్ధతిని దయచేసి ఎవరు చెప్పినా వినొద్దు. సీబీఎస్‌ఈ ఇలాంటి స్కూళ్లపై ఆకస్మిక తనిఖీలు చేసి 2024లో కొన్నింటి గుర్తింపు రద్దు చేసింది. అలా రద్దయితే స్కూలు వాళ్లు ఇంకో బోర్డు పెట్టుకుంటారు, పన్నెండో తరగతి మధ్యలో ఇరుక్కునేది పిల్లలు. బెంగళూరు, చెన్నైలో స్థిరపడిన కుటుంబాలైతే కర్ణాటక, తమిళనాడు పెట్టుకున్న చదువు నిబంధనలు అక్కడి ప్రవేశాల కోసం చూసుకోవాలి. అక్కడా ఇన్నేళ్లు తమ రాష్ట్రంలో చదివి ఉండాలన్న షరతులే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ప్రశ్నలు కూడా తరచూ వస్తాయి. పిల్లలు అక్కడే పన్నెండో తరగతి రాస్తే, జేఈఈలో రాష్ట్రాన్ని పాస్‌పోర్టులోని శాశ్వత చిరునామా బట్టి నిర్ణయిస్తారు. పాత చిరునామా ఉండిపోయిందేమో ముందే చూసుకోండి. ఎప్‌సెట్‌లో లోకల్ రాదు. తల్లిదండ్రుల పదేళ్ల నివాసం చూపించి 15 శాతంలో నిలబడటమే.

నీట్ రాసేవాళ్లకి

ప్రభుత్వ మెడికల్ కాలేజీ సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకి వెళ్తాయి. వాటికి ఊరితో పనిలేదు. తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, దేశంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ప్రాంతం దెబ్బతిన్న పిల్లలకి అదొక్కటే నిజమైన ఊరట. కానీ ఆ వరసలో నిలబడేది దేశమంతా. రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ తెలంగాణలో వరంగల్ కాళోజీ యూనివర్సిటీ, ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ నడుపుతాయి. ఆ సీట్లకి మళ్లీ పైన చెప్పిన లోకల్ లెక్కే. ఇంజనీరింగ్‌లో లోకల్ పోతే నచ్చిన కాలేజీ పోతుంది, ఇంకో కాలేజీ దొరుకుతుంది. మెడిసిన్‌లో లోకల్ పోతే చాలామందికి ప్రభుత్వ సీటే పోతుంది. అందుకే డాక్టర్ చదువు కోరుకునే ఇంట్లో కోచింగ్ కంటే ముందు స్టడీ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవాలంటాను.

కాగితాల దగ్గర ఒక హెచ్చరిక

పేరున్న కాలేజీల్లో పిల్లలు కూర్చునే క్యాంపస్ ఒకటి, ఇంటర్ బోర్డుకి పరీక్ష ఫీజు కట్టే కాలేజీ కోడ్ ఇంకోటి అవుతుంటుంది. మా బంధువుల అబ్బాయి ఒకడు రెండేళ్లూ గుంటూరు హాస్టల్లో ఉన్నాడు. హాల్‌టికెట్ వచ్చాక చూస్తే కాలేజీ పేరు నెల్లూరు జిల్లాది. అడిగితే "అదంతా ఒక్కటే సార్, ఏం కాదు" అన్నారు. ఏం కాకపోవడం ఏమిటి? ఏయూ, ఎస్‌వీయూ తేడా అంతా ఆ ఒక్క కోడ్‌లోనే ఉంది. ఇంటర్ మొదటి ఏడాది ఫీజు కట్టే రోజునే మీ పిల్లల పేరు ఏ కోడ్ కింద వెళ్తోందో అడిగి రాయించుకోండి. టీసీ, బోనఫైడ్ చేతికొచ్చాక మార్పించాలంటే నెలలు పడుతుంది, కౌన్సెలింగ్ తేదీలు ఆగవు.

ఆరో తరగతి నుంచి ఏ ఏడాదికా ఏడాది స్టడీ సర్టిఫికెట్ తీసి దాచుకోండి. చిన్న స్కూళ్లు మూతపడుతుంటాయి. మూతపడిన స్కూలు సర్టిఫికెట్ కోసం మండల విద్యాధికారి ఆఫీసుకి తిరగాల్సి వస్తుంది. ఇక ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవండి, ముఖ్యంగా లోకల్ అభ్యర్థి నిర్వచనం ఉన్న పేజీ. నిరుడు పక్కింటి వాళ్లకి జరిగిందని ఈ ఏడాది మీకూ అలాగే జరుగుతుందని నమ్మకం లేదు.

మా మేనకోడలికి ఆ ఆరు సీట్ల వరసలో అనుకున్నది రాలేదు. అయితే ఇంటర్ విజయవాడలో పాసైంది కాబట్టి జోసాలో దాని సొంత రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. హోమ్ స్టేట్‌లో, అమ్మాయిలకిచ్చే అదనపు సీట్ల వరసలో తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో మెకానికల్ వచ్చింది. కోరుకున్న బ్రాంచి కాదు, ఆ రాత్రి ఏడ్చింది. ఇప్పుడు అక్కడ బాగానే చదువుకుంటోంది. దాని తమ్ముడు ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు, డాక్టర్ అవుతానంటాడు. మొన్న వేసవిలో విజయవాడ నుంచి రాయితీ ఫీజు అంటూ ఫోన్లు వచ్చాయి. మా చెల్లెలు వాణ్ని ఖమ్మంలోనే తొమ్మిదిలో చేర్చింది.